కోడిపిల్లల షెడ్డులో చలికాలపు వేడి, చెమ్మ



కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిందంటే చలి ముదురుతుంది. ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతాలలోను, మన్యంలోని లంబసింగి, పాడేరు, అరకు వంటి ఎత్తు ప్రదేశాలలోను డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడుకు కిందికి దిగడం మామూలే. మనం దుప్పటి ముసుగు పెట్టుకుంటాం. నిన్న గాక మొన్న గుడ్డులోంచి బయటపడ్డ కోడిపిల్లకు దుప్పటి ఎక్కడిది? దాని ఒంటిమీద ఈక కూడా లేదు, నూగు మాత్రమే ఉన్నది. తన ఒంటి వేడిని తానే నిలుపుకొనే శక్తి మొదటి రెండు మూడు వారాలు దానికి చాలదు. తల్లికోడి ఉంటే రెక్కల కింద పొదువుకుంటుంది. వందలు, వేలు పిల్లల్ని ఒక్కచోట పెంచేటప్పుడు బ్రూడరే తల్లి.

పూర్వం బొగ్గుల కుంపట్లు పెట్టేవారు. తరువాత కరెంటు బల్బులు వచ్చినవి. ఇప్పుడు చాలా షెడ్లలో గ్యాసు బ్రూడర్లు వాడుతున్నారు. కరెంటు పోయినా ఆరదు, వేడి సమంగా ఇస్తుంది, పొగ కనిపించదు. మంచి సాధనమే. అయితే గ్యాసు మంట షెడ్డులోకి వేడిని మాత్రమే తేదు, నీటిని కూడా తెస్తుంది. షెడ్డులోని మంచి గాలిని తింటుంది. ఈ రెండు సంగతులు రైతుకు చెప్పేవారు తక్కువ. ఒకప్పుడు నేనూ చెప్పలేదు. అందువల్ల జరిగినది ముందుగా మనవి చేస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చలికాలం, ఒక రైతు వెయ్యి పిల్లల్ని దింపుకున్నాడు. నేను వెళ్ళి చూసి, "చలి గాలి చొరబడకుండా పరదాలు కిందినుంచి చూరు దాకా బిగించి కట్టండి" అని చెప్పి వచ్చాను. నాలుగోనాడు పొద్దున్నే కబురు వచ్చింది. వెళ్ళి పరదా తొలగించి లోపల అడుగు పెడితే కళ్ళు భగ్గుమన్నవి. పైన సిమెంటు రేకుల అడుగున నీటిబొట్లు వరుసగా వేలాడుతున్నవి. ఒకటొకటే కింద ఊక మీద పడుతున్నవి. ఊక ముద్ద కట్టింది. పిల్లలు రెక్కలు వాల్చి, కళ్ళు మూసుకొని ఉన్నవి. కొన్ని చచ్చి ఉన్నవి. థర్మామీటరు చూస్తే సరిగ్గా 95 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తున్నది! వేడికి ఏ లోటూ లేదు.

అంతకంటే నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి. రాత్రి కాపలా పడుకున్న ఆ రైతు తమ్ముడు బయట అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నాడు. రెండుసార్లు వాంతి అయిందట. "చలి చేసినట్టుంది సార్, లోపల వెచ్చగా ఉంటుందని బ్రూడరు పక్కనే పడుకున్నాను" అన్నాడు. బయటి గాలికి వచ్చాక కొంత నయమైంది. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాం. బతికి బట్టకట్టాడు. ఆ రైతు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరు చెప్పినట్టే ఒక్క సందు కూడా లేకుండా కట్టాం సార్" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. ఆ సందు ఎందుకు ఉండాలో ఈ ప్రసంగంలో చెబుతాను.

మొదట, ఆ రేకుల మీది నీళ్ళు ఎక్కడినుంచి వచ్చినవి? వాన లేదు, పైన కారలేదు.

మనం వాడే గ్యాసులో ఉండేవి ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువులు. ఈ రెంటిలోను బొగ్గు పదార్థమైన కార్బన్, దానితోపాటు హైడ్రోజన్ ఉంటాయి. మండేటప్పుడు ఆ హైడ్రోజన్ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. మంట వేడికి అది ఆవిరి రూపంలో ఉంటుంది గనుక మన కంటికి కనపడదు. నమ్మకం కలగకపోతే ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. చల్లని నీళ్ళు పోసిన స్టీలు గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడిచి గ్యాసు పొయ్యి మీద పెట్టి ఒక్క క్షణం ఉంచి చూడండి. గిన్నె అడుగున మసక మసకగా చెమ్మ పడుతుంది. గిన్నె వేడెక్కగానే అది మాయమవుతుంది. ఆ చెమ్మ గిన్నెలోది కాదు, మంటలోనిది.

లెక్క చూద్దాం. 1 కిలో గ్యాసు మండితే సుమారు 1.6 కిలోల నీరు తయారవుతుంది. కిలో మండితే కిలోన్నర నీరు ఎలా వస్తుందయ్యా అంటారేమో. గ్యాసు ఒక్కటే కాదు, గాలిలోని ప్రాణవాయువు కూడా ఆ నీటిలో చేరుతుంది, అందుకని. ఈ లెక్కన 19 కిలోల సిలిండరు ఒకటి ఖాళీ అయ్యేసరికి దాదాపు 30 లీటర్ల నీరు, అంటే రెండు బిందెల నీళ్ళు, మన చేతులతో మనమే షెడ్డులోకి పోసినట్టు.

ఇక పిల్లల సంగతి. కోడిపిల్ల తిన్న మేత బరువుకు దాదాపు రెట్టింపు బరువు నీరు తాగుతుంది. వారం వయసు బ్రాయిలరు పిల్ల రోజుకు సుమారు 30 గ్రాముల మేత తింటే 50, 55 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది. వెయ్యి పిల్లలకు 50 లీటర్ల పైమాటే. అందులో చాలా భాగం ఊపిరిలోను, రెట్టలోను తిరిగి షెడ్డులోకే వస్తుంది. కోడికి మూత్రం వేరుగా లేదు గదా, అంతా రెట్టలోనే. దానికి గ్యాసు మంట నీరు తోడైతే రోజుకు 40, 45 లీటర్ల నీరు ఆ షెడ్డు గాలిలోకి, ఊకలోకి చేరుతున్నదన్న మాట. ఈ నీటికి పోవడానికి దారి లేకపోతే ఏమవుతుంది?

అన్నం వండేటప్పుడు మూత తీసి చూసే ఉంటారు. మూత లోపలివైపు నీళ్ళు బొట్లుబొట్లుగా ఉంటాయి. కుండలోని వేడి ఆవిరి చల్లని మూతకు తగిలి నీరైంది. వేసవిలో చల్లని నీళ్ళు పోసిన చెంబు బయట చెమరుస్తుంది, అదీ ఇంతే. దీనినే పాఠ్యపుస్తకాలలో సాంద్రీకరణం అంటారు. షెడ్డు కుండ అయితే రేకు మూత. మబ్బు లేని చలికాలపు రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలి, బయటి గాలికంటే కూడా చల్లబడుతుంది. కింద బ్రూడరు వేడికి తేమను నింపుకున్న గాలి పైకి లేచి ఆ రేకుకు తగులుతుంది. ఇంకేమున్నది, బొట్లు. పాలిథీను పరదా లోపలివైపు, ఇనుప దూలాల మీద, ఊక కింద ఉన్న చల్లని నేల మీద కూడా ఇదే జరుగుతుంది.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. "బయట మంచు కురుస్తున్నది, గడ్డి తడిసి ముద్దయి ఉన్నది. ఆ తడి గాలిని లోపలికి రానిస్తే చెమ్మ ఇంకా పెరగదా?" అని. ప్రశ్న సబబైనదే. కాని జరిగేది దానికి విరుద్ధం. ఈ ప్రసంగంలో అసలు కీలకం ఇదే, కనుక కాస్త శ్రద్ధగా వినండి.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ తేమను మోయగలదు. 10 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 9 గ్రాముల తేమను మాత్రమే పట్టగలదు. అంతకు మించితే మంచుగా రాలవలసిందే. అదే గాలి 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు పట్టగలదు. మంచు కురిసే తెల్లవారుజామున 10 డిగ్రీల గాలి నిండా తడిసి ఉన్నా దానిలో ఉన్నది 9 గ్రాములే. ఆ గాలి షెడ్డులోకి వచ్చి 30 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. ఇప్పుడు దానికి 30 గ్రాములు మోసే శక్తి వచ్చింది, మోస్తున్నది మాత్రం 9 గ్రాములే. అంటే మూడింట రెండు వంతులు ఖాళీ. ఖాళీ గోనె వంటిదన్న మాట. అది షెడ్డులోని తేమను నింపుకొని చూరు కింది సందు గుండా బయటికి పోతుంది. మంచు పడే వేళ గాలి కూడా వేడెక్కితే ఆరబెట్టే గాలే. బట్ట తడిపే గాలి కాదు.

కాబట్టి వేడి ఒక్కటే చెమ్మను పోగొట్టదు, గాలి ఒక్కటే పోగొట్టదు. వేడి తేమను గాలిలోకి ఎక్కిస్తుంది, గాలి దానిని బయటికి మోస్తుంది. ఎద్దులు రెండూ కలిసి నడిస్తేనే బండి కదులుతుంది.

మరి ఎంత గాలి కావాలి? షెడ్డులో గాలిని పూర్తిగా తడవనివ్వకుండా, ఒక ఘనపు మీటరు గాలి 10 గ్రాముల తేమను బయటికి మోస్తుందని లెక్క వేసుకుందాం. రోజుకు 45 లీటర్ల నీటికి 4,500 ఘనపు మీటర్ల గాలి కావాలి. గంటకు 190 ఘనపు మీటర్లు. 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న షెడ్డులో 255 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. కనుక గంటకు ఒకసారి షెడ్డులోని గాలి మారితే చాలు. తేమకూ చాలు, పిల్లల ఊపిరికీ బ్రూడరు మంటకూ చాలు. ఇది చాలా నెమ్మదైన గాలి, పిల్ల నూగు కూడా కదలదు. మనకు కావలసినది ఈదురుగాలి కాదు, గాలి మార్పు.

"ఆ చల్లగాలిని వేడి చేయడానికి గ్యాసు దండగ కాదా?" అంటారు. కొంత ఖర్చే. గంటకు ఒకసారి మారే గాలిని 10 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు తేవడానికి రాత్రి 12 గంటలకు సుమారు ఒకటిన్నర కిలోల గ్యాసు ఎక్కువ పడుతుంది. ఆ ఖర్చును ఒక పక్కన, చచ్చిన పిల్లల్ని, మందుల ఖర్చును, రేటు దాకా ఎదగని బ్యాచిని మరొక పక్కన పెట్టి తూచుకోండి.

తడి ఊక చేసే చేటు ఏమిటో చెబుతాను. రెట్టలో ఉన్న యూరిక్ ఆమ్లం తడిలో కుళ్ళి అమ్మోనియా వాయువు పుడుతుంది. కళ్ళు మండించేది అదే. గాలిలో పది లక్షల పాళ్ళకు 25 పాళ్ళు మించితే పిల్లల కళ్ళు, ఊపిరిగొట్టాలు దెబ్బతింటాయి. ఊపిరిగొట్టం దెబ్బతిన్న పిల్లకు గురక రోగం తేలికగా పట్టుకుంటుంది. తడి వెచ్చని ఊకలో రక్తపారుడు తెచ్చే కాక్సిడియా క్రిములు బలుస్తాయి. బూజు పట్టిన ఊక పీల్చితే పిల్లల ఊపిరితిత్తులలోనే బూజు పెరుగుతుంది. ప్రాణవాయువు చాలక, చలి కూడా తోడైతే, త్వరగా పెరిగే బ్రాయిలరు పిల్లలకు గుండె మీద భారం పడి కడుపులో నీరు చేరుతుంది. ఇది మూడు నాలుగు వారాలకు, ఇంకా ఆలస్యంగా కూడా, బయటపడవచ్చు. అప్పుడు మనం మందు కోసం పరుగెత్తుతాం. అసలు తప్పు పరదాలో ఉన్నదని తోచదు.

ఇప్పుడు మనిషి సంగతి. ఇది పిల్లల సంగతి కంటే ముఖ్యం.

1 కిలో గ్యాసు సరిగ్గా మండడానికి సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. గాలి చాలినంత దొరికితే మంట నీలంగా ఉంటుంది. గాలి చాలకపోతే, లేదా బర్నరు రంధ్రాలలో ఊకదుమ్ము చేరితే, గ్యాసు సగం సగం మండి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కన్ను మండదు, దగ్గు రాదు. ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా అది నెత్తుటిని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి, కాళ్ళలో సత్తువ లేకపోవడం. నిద్రలో ఉన్నవాడికి ఇవి తెలియవు. తెలిసే లోపల లేవలేని స్థితి వస్తుంది. బొగ్గుల కుంపటి ఇంతకంటే ప్రమాదం. నిప్పు కణకణలాడుతూ పొగ లేకుండా ఉన్నప్పుడు కూడా అది ఈ విషాన్ని వదులుతూనే ఉంటుంది. "పొగ లేదు గదా" అన్న ధైర్యమే ప్రాణం తీస్తుంది.

కనుక షెడ్డు కాపలా మనిషి ఎట్టి పరిస్థితిలోను బ్రూడరు ఉన్న గదిలో పడుకోరాదు. బయట చిన్న పాకో, పక్క గదో ఏర్పాటు చేయండి. గంట గంటకు లేచి వెళ్ళి చూసి రావాలి. ఈ మాట షెడ్లకే కాదు. చలికాలంలో లంబసింగి వంటి చోట్లకు వచ్చి గుడారాలలో రాత్రి గడిపేవారు, వ్యానులోనో లారీ క్యాబినులోనో తలుపులు బిగించుకొని పడుకొనేవారు, బాలింత గదిలో కుంపటి పెట్టేవారు, అందరికీ ఇదే వర్తిస్తుంది. చల్లటి దేశాలలో వ్యానులో గ్యాసు హీటరు పెట్టుకొని పడుకొనేవారికి కూడా తెల్లారేసరికి అద్దాలు, పైకప్పు చెమర్చి పరుపు తడుస్తుంది. కారణం మన షెడ్డులో ఉన్నదే. అక్కడ జాగ్రత్తపరులు మంటకు కావలసిన గాలి బయటినుంచి తీసుకొని, మండిన ఆవిరిని గొట్టం గుండా బయటికే వదిలే హీటర్లు వాడతారు. అద్దానికి చెమ్మ పట్టినదంటే గాలి మారడం లేదని ఆ అద్దం చెబుతున్నట్టే.

ఎవరికైనా పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే ముందు తలుపులు, పరదాలు బార్లా తెరవండి. మనిషిని బయటి గాలికి చేర్చండి. గ్యాసు కట్టండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 108కి ఫోను చేసి, మంట ఉన్న మూసిన గదిలో పడుకున్నాడన్న సంగతి తప్పక చెప్పండి. చెప్పకపోతే వైద్యులకు అది మామూలు జ్వరంలాగో, తిండి పడనట్టో తోచవచ్చు.

ఇక చేయవలసిన పనులు ఒక్కొక్కటిగా చెబుతాను.

పరదా కట్టే తీరు. పరదాను పైన చూరుకు బిగించి కిందికి వదలడం చాలా చోట్ల అలవాటు. అది తప్పు. కింద పిట్టగోడకు బిగించి, పైకి లాగేలా తాళ్ళు కట్టండి. చూరు కింద అడుగు మేర ఎప్పుడూ సందు ఉండాలి. వేడెక్కిన తడి గాలి తేలిక గనుక పైకి లేచి ఆ సందు గుండా పోతుంది. పైనుంచి వచ్చే చల్లగాలి కిందికి దిగేలోపల వెచ్చగాలితో కలిసి చలి విరిగిపోతుంది. నేలబారున సందు ఉంటే చలిగాలి సూటిగా పిల్లల మీదికి కొడుతుంది. గాలి ఎక్కువగా వీచే వైపు పరదాను కొంచెం ఎక్కువ ఎత్తి, ఎదుటి వైపు కొంచెం దించుకోవచ్చు. రెండు వైపులా పూర్తిగా మూయడం మాత్రం వద్దు. ఎండ ఎక్కాక, ఉదయం తొమ్మిది పది గంటలకు, పరదాలు ఇంకా దించి షెడ్డు ఆరనివ్వండి.

వేడి చేసే చోటు తగ్గించుకోండి. వెయ్యి పిల్లలకు మొదటివారం షెడ్డు అంతా అక్కరలేదు. ఒక భాగాన్ని గోనెపట్టాలతో అడ్డు కట్టి అందులోనే బ్రూడరు పెడితే గ్యాసు ఆదా అవుతుంది. ఆ అడ్డుకు కూడా పైన సందు వదలండి. రేకుల మీద వరిగడ్డి పరిస్తే రేకు అంతగా చల్లబడదు, బొట్లు తగ్గుతాయి. అయితే గడ్డి నిప్పుకు దూరంగా ఉండేలా చూడాలి.

పిల్లలు రాకముందే ఒక రోజు బ్రూడరు వెలిగించి నేలను, ఊకను వేడెక్కనివ్వండి. చల్లని గచ్చు మీద ఊక పోసి వెంటనే పిల్లల్ని దింపితే ఊక అడుగున చెమ్మ పడుతుంది. ఊక రెండు మూడు అంగుళాల మందాన, పొడిగా, బూజు లేనిదిగా ఉండాలి. రోజూ కలియబెట్టండి. గట్టిపడిన పెళ్ళలు, నీటితొట్ల కింద తడిసిన ఊక తీసివేసి కొత్తది వేయండి. తొట్లు పొర్లకుండా చూడండి.

ఊక తేమను చూడటానికి యంత్రం అక్కరలేదు. గుప్పెట నిండా తీసుకొని గట్టిగా పిసకండి. గుప్పిట విప్పితే ఉండలా నిలిచిపోతే తడి ఎక్కువ. అసలు అంటుకోకుండా దుమ్ములా రాలితే మరీ పొడి, అదీ మంచిది కాదు. కొద్దిగా అంటుకొని మెల్లగా విడిపోతే సరిగ్గా ఉన్నది.

వేడి. మొదటివారం పిల్లల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి. తరువాత వారానికి 5 ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గిస్తూ 70 దాకా రావాలి. థర్మామీటరును మీ కంటి ఎత్తున గోడకు కొట్టకండి. పిల్ల ఎక్కడ ఉన్నదో అక్కడ, బ్రూడరు అంచున, ఊకకు రెండు మూడు అంగుళాల పైన వేలాడదీయండి. దానికంటే మంచి థర్మామీటర్లు పిల్లలే. బ్రూడరు కింద గుంపుగా ఒకదానిమీద ఒకటి పడితే చలి. దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడి ఎక్కువ. ఒక పక్కకే చేరితే ఎదుటి పక్కనుంచి గాలి కొడుతున్నది. అంతటా సమంగా పరుచుకొని, కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని పడుకొని ఉంటే మీ పని సరిగ్గా ఉన్నది. షెడ్డు గాలిలో తేమ నూటికి 50 నుంచి 70 మధ్య ఉండాలి. తేమ చూపే చిన్న గడియారం వంటి పరికరాలు బజారులో దొరుకుతున్నవి. థర్మామీటరు పక్కన ఒకటి పెట్టుకొంటే మంచిది.

గ్యాసు జాగ్రత్తలు. సిలిండరు షెడ్డు బయట, నీడలో, నిలువుగా నిలబెట్టాలి. పడుకోబెట్టరాదు. గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలబారున పారి పల్లంలో నిలుస్తుంది. అందుచేత గోతిలోగాని, పల్లపు మూలగాని సిలిండరు పెట్టకండి. గొట్టం, అతుకులు సబ్బునురుగు పూసి పరీక్షించాలి. బుడగలు వస్తే కారుతున్నది. అగ్గిపుల్ల గీసి పరీక్షించడం ప్రాణాంతకం. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే మీట ఉన్న బ్రూడరునే కొనండి. వారానికి ఒకసారి బర్నరు దుమ్ము దులపండి. మంట పసుపుగా మారినా, మసి పట్టినా వెంటనే ఆపి బాగుచేయించండి. చలి ఎక్కువగా ఉన్న రాత్రి సిలిండరు మీద మంచు పట్టి మంట తగ్గవచ్చు. గ్యాసు ఆవిరి కావడానికి కావలసిన వేడిని సిలిండరు నుంచే లాక్కుంటుంది గనుక అలా అవుతుంది. అప్పుడు కొందరు సిలిండరు కింద మంట పెట్టడమో, వేడినీళ్ళ తొట్టిలో పెట్టడమో చేస్తారు. చేయరాదు. ఇంకొక సిలిండరు జత చేసి రెంటినుంచి కొంచెం కొంచెం తీసుకునే ఏర్పాటు చేయించుకోండి. గ్యాసు వాసన వస్తే మీటలు వేయకండి, తీయకండి. రెగ్యులేటరు కట్టి, అన్నీ తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి. ఇంటి వంటకు ఇచ్చే సిలిండరును షెడ్డుకు వాడడం నిబంధనలకు విరుద్ధం కూడా.

గ్యాసు దొరకని చోట ఏం చేయాలి? కరెంటు బల్బులు నీటిని పుట్టించవు, గాలిని తినవు. కరెంటు నమ్మకంగా ఉంటే చిన్న మందలకు అవే మేలు. పిల్లకు ఒకటి రెండు వాట్ల చొప్పున లెక్క. కట్టెల పొయ్యి పెట్టేవారు పొగగొట్టం షెడ్డు బయటికి తీసేలా కట్టించండి. గొట్టం గుండా పొగ, ఆవిరి, విషవాయువు మూడూ బయటికి పోతాయి, వేడి లోపల నిలుస్తుంది. గొట్టం లేని కుంపటి మాత్రం వద్దు.

పెరటికోళ్ళు పెంచే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లలను కూడా మొదటి నాలుగైదు వారాలు ఇలాగే వేడిలో పెంచి తరువాత పెరట్లోకి వదలాలి. యాభై పిల్లలైనా సూత్రం ఒకటే. గంపకు, గదికి పైన గాలి పోయే దారి ఉంచండి. మీరు, మీ పిల్లలు పడుకొనే గదిలో నిప్పు పెట్టి వాటిని వెచ్చగా ఉంచాలని చూడకండి.

విస్తరణ కార్యకర్తలకు నా మనవి. షెడ్డుకు మధ్యాహ్నం వెళితే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక్కసారైనా తెల్లవారుజామున, పరదా తీయకముందు వెళ్ళండి. లోపల అడుగు పెట్టగానే మొదటి ఊపిరి ఎలా ఉన్నదో గమనించండి. లోపలే ఉన్నవాడికి ఆ వాసన అలవాటై తెలియదు, బయటినుంచి వచ్చినవాడికే తెలుస్తుంది. రేకు అడుగున చెయ్యి తుడిచి చూడండి. ఊక పిసికి చూడండి. కాపలా మనిషి ఎక్కడ పడుకుంటున్నాడో అడగండి. ఈ నాలుగూ చూడకుండా "వేడి సరిపోయింది" అని పుస్తకంలో రాసి రాకండి. నేను అలా రాసి వచ్చినవాణ్ణే.

ఆ రైతు మరుసటి చలికాలం మళ్ళీ పిల్లల్ని దింపుకున్నాడు. ఆయన ధైర్యం ఆయనది. ఈసారి ఇద్దరం కలిసి పరదాలు కింద గోడకు బిగించి, చూరు కింద అడుగు సందు వదిలాం. తమ్ముడికి బయట చిన్న పాక వేశాడు. తెల్లవారుజామున వెళ్ళి రేకు అడుగున చెయ్యి పెడితే పొడిగా ఉన్నది. పిల్లలు ఊక అంతటా పరుచుకొని ఉన్నవి. "సందులోంచి వేడి పోతుందేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు సార్" అన్నాడు నవ్వుతూ. పోయినది వేడి కాదు, చెమ్మ.

చివరగా మరొకసారి: పరదా కిందినుంచి పైకి, చూరు కింద అడుగు సందు. ఊక రోజూ కలియబెట్టడం. థర్మామీటరు పిల్ల ఎత్తున. మంట నీలంగా, సిలిండరు బయట. మనిషి బ్రూడరు గదిలో పడుకోరాదు. ఈ అయిదూ గోడమీద సున్నంతో రాసి పెట్టుకోండి.